రేవుబండకు ముఖం

రేగొండ దగ్గరి ఊళ్లో చాకలి కట్టమ్మ నోరంటే అందరికీ హడలే. మరక పోలేదని ఎవరైనా అన్నారా, అంతే సంగతులు! "పూసుకున్నప్పుడు లేదా మీకు బుద్ధి?" అని దులిపేసేది. అలాంటి మనిషి, పందొమ్మిది వందల డెబ్బై ఎనిమిది వేసవిలో ఎవరినీ పల్లెత్తు మాట అనడమే మానేసింది.

సంగతేమిటంటే, పాత రాళ్లు వెతుక్కుంటూ వచ్చిన మ్యూజియం అధికారి శ్రీపాల్, ఎండిన చెరువులో ఆమె బట్టలుతికే బండను పలుగులతో తిరగేయించాడు. కింద, బురదలో మీసాల ముఖం, చేతిలో కత్తి! చూసిన ఆడవాళ్లు దేవుడే అనుకొని దండాలు పెట్టారు. శ్రీపాల్ బండను బండికెక్కించి తీసుకుపోయాడు.

కట్టమ్మ అత్త కాలం నుంచీ అది బోర్లానే ఉంది. ఏటా కట్టమ్మ, చాకళ్ల కులదేవుడు మడేలయ్య పండుగకు దానికి పసుపు రాసి, బొట్లు పెట్టి మొక్కేది. పాపం, ఆ మొక్కులన్నీ వీపుకే! తనకు పుట్టిన బిడ్డకు మొదటి స్నానమూ దాని మీదే పోసింది. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో బస్సులు బందైన రోజుల్లో, ఆ పిల్ల జ్వరంతో దవాఖాన చేరకముందే పోయింది.

"దేవుణ్ణి బోర్లేసి మైల గుడ్డలు బాదినవ్. మరి ఊకుంటడా?" అని కాపుల కౌసల్య అననే అంది. ఆ మాట కట్టమ్మను కుదురుగా ఉండనివ్వలేదు. అన్నం సయించదు. కూర్చుంటే లేస్తుంది, లేస్తే కూర్చుంటుంది.

"జర నిమ్మలంగుండరాదే," అని మొగుడు మొగిలి బతిమాలితే, "నా బిడ్డను నేనే సంపుకున్ననయ్యా!" అని గుండెలు బాదుకునేది.

చివరికి కొబ్బరికాయ, పసుపు సంచిలో వేసుకొని మ్యూజియానికి బయల్దేరింది. బస్సులోనైనా కుదురుగా కూర్చుంటేనా! ఇంకెంత దూరమంటూ కండక్టరు ప్రాణం తీసింది.

మ్యూజియంలో బండను గోడకు ఆనించి నిలబెట్టారు. కట్టమ్మ దాని ముందు సాగిలపడింది.

"తప్పైంది తండ్రీ! ఎర్కలేక ఉతికిన."

శ్రీపాల్ కంగారుపడి లేపాడు. "దేవుడు కాదవ్వా. మనలెక్కనే మనిషి. కాళ్ల కాడ ఆవులున్నయి సూడు. ఊరి పసులను దొంగలు తోల్కపోతుంటే అడ్డంబడి సచ్చిపోయిండు. గుర్తుకు రాయి నిలబెట్టిన్రు."

"అయితె నా మీద కోపం లేదా?"

"కోపమేంది, శాపమేంది! నీ తప్పేం లేదు."

ఆ మాట కోసమే కదా అంత దూరం వచ్చింది! మనసు తేలికపడాలి. పడలేదు. ఇన్నాళ్లూ ఏడవడానికో, మొక్కడానికో తన తప్పనే ఒక కారణమైనా ఉండేది; ఇప్పుడదీ పోయింది. కట్టమ్మ శ్రీపాల్ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"మరి నా బిడ్డ ఎందుకు పోయింది సారూ?"