బస్సులో రాలిన కాయ

ఎనభైల్లో ఒక ఎండాకాలం, నూజివీడు నుంచి బెజవాడ వెళ్లే బస్సులో నా పక్కన ఒక మామిడికాయల వ్యాపారి కూర్చున్నాడు. కండక్టరు టిక్కెట్టు కొట్టేలోపే తన మనసులో మాట చెప్పేశాడు. నూజివీడులో స్కూలు పెడతాడట. కదిలే బొమ్మల సినిమాలకి బొమ్మలు వేయడం నేర్పే స్కూలు!

"ఇక్కడెవరు చేరతారండీ?" అన్నాను.

"తోటని పూత మీదే కొంటాం కదండీ, కాయ చూసి కొంటామా? పిల్లలూ అంతే. ఇంట్లో అందరూ నవ్వుతున్నారు. మీరొక్కరు బావుందంటే ఇవాళే గది మాట్లాడేస్తా."

జేబులోంచి చిన్న కాగితాల కట్ట తీశాడు. ప్రతి కాగితం మీదా ఒక మామిడికాయ, ముందుదానికన్నా కాస్త కిందకి. కట్ట అంచు వంచి, బొటనవేలి కింద నుంచి కాగితాల్ని ఒక్కొక్కటే జర్రున వదిలాడు. కాయ కొమ్మ నుంచి ఊడి కిందకి రాసాగింది. నాకైతే అచ్చం వంకాయలా ఉంది. ఆ మాటే అనబోయాను.

ఇంతలో మా పక్కన నిలబడ్డ ఒకావిడ, ఆగిరిపల్లి తోటల్లో కాయకోతకి వెళ్లే మనిషి, చటుక్కున వంగి ఆ కట్ట కింద కొంగు పట్టింది. పట్టాక నాలిక కరుచుకుంది.

"నేల తగిల్తే కాయకి దెబ్బ పడిద్ది కదండీ," అంది సిగ్గుగా.

వ్యాపారి ఇక నా మాట కోసం ఆగలేదు. లేచి తన సీటు ఆవిడకిచ్చేసి, బెజవాడ దాకా నిలబడే వచ్చాడు.

స్కూలు పెట్టాడో లేదో తెలియదు. టీవీలో బొమ్మల సినిమా వస్తున్నప్పుడు ఏదైనా పైనుంచి పడుతుంటే మాత్రం, నా భుజం మీది తువ్వాలు చేతుల్లోకి వచ్చేస్తుంది.

"ఏంటండీ ఆ పట్టడం?" అంటుంది మా ఆవిడ.

"దెబ్బ పడిద్దే," అంటాను.