ఒళ్లో పట్టే కంప్యూటర్

కమలకు మూడు ఊళ్లలో కంప్యూటర్ క్లాసులుండేవి. కంప్యూటర్ మాత్రం ఒక్కటే.

వారం మొదట్లో సూర్యాపేట, మధ్యలో కోదాడ, గురువారం మిర్యాలగూడ. మూడుచోట్లా పాత మానిటర్లు, కీబోర్డులు సంపాదించి పెట్టుకుంది. అసలు పెట్టె ఆమెతోపాటే ఆర్టీసీ బస్సులో తిరిగేది. 1999 నాటికి ఆ దారుల్లో కండక్టర్లందరికీ ఆమె తెలుసు. పెట్టెను డ్రైవర్ పక్కన బానెట్ మీద పెట్టి, లగేజీ టికెట్ తీసుకుని, దాని మీద చెయ్యి వేసి కూర్చునేది.

ఆమె పుట్టింది తిరుమలగిరి దగ్గరి తండాలో. టైపు నేర్చుకోవడానికి సూర్యాపేట వచ్చి, హయ్యర్ పాసై, నేర్చుకున్నచోటే ఇతరులకు నేర్పుతూ ఉండిపోయింది. టైపు మిషన్ల ముందు కుర్చీలు ఖాళీ అవుతుంటే యజమాని ఇన్‌స్టిట్యూట్ ఎత్తేశాడు. కమల తండాకు తిరిగి వెళ్లలేదు. యాదగిరి చేత కంప్యూటర్ కట్టించుకుంది.

యాదగిరి సూర్యాపేటలో ఒకప్పుడు ఆంప్లిఫయర్లు కట్టేవాడు. ఊరి పెళ్లిళ్లలో మోగే మైకుసెట్లు చాలావరకు అతని చేతివే. తర్వాత కంప్యూటర్ల మీద పడ్డాడు. ఆదివారం వచ్చిందంటే అతని దుకాణంలో సభ. కోదాడలో ఫొటో స్టూడియో నడిపే కోటయ్య పనిగట్టుకుని బస్సెక్కి వచ్చేవాడు. కోదాడలో కమల క్లాసు జరిగేది ఆ స్టూడియో వెనక గదిలోనే.

మిర్యాలగూడ క్లాసు ఒక రైస్ మిల్లు ఆఫీసులో. మిల్లుకు సొంత జనరేటర్ ఉంది కాబట్టి కరెంటు భయం లేదు. భయమల్లా దారితోనే. హుజూర్‌నగర్ దాటాక బస్సు ఎగిరెగిరి పడేది. లోపల డిస్‌ప్లే కార్డు, సౌండ్ కార్డు తమ స్లాట్లలోంచి కదిలిపోయేవి. దిగగానే మూత విప్పి, ఒక్కో కార్డునూ బొటనవేళ్లతో నొక్కితే గానీ తెర మీద బొమ్మ వచ్చేది కాదు. నొక్కీ నొక్కీ డిస్‌ప్లే కార్డు స్లాటే వదులైంది. వరసగా రెండు గురువారాలు మిల్లు గుమస్తాలు నల్లటి తెర ముందు కూర్చుని లేచిపోయారు.

"టీచరమ్మా, సేటు అడుగుతున్నడు," అన్నాడు పెద్ద గుమస్తా జానయ్య. "వచ్చే గురువారం నడిస్తే సరే. లేకుంటే నల్లగొండ నుంచి వేరేటోళ్లను పిలుస్తరట. నేనేం జేస్త చెప్పు."

మిల్లు బ్యాచే ఆమెకు ఆధారం. మిగతా రెండు ఊళ్లలో పిల్లలు వస్తే వచ్చారు, లేకపోతే లేదు.

ఆ ఆదివారమే సికింద్రాబాద్ నుంచి యాదగిరికి కొత్తరకం మదర్‌బోర్డు వచ్చింది. పాతదానిలో సగం ఉంటుంది. డిస్‌ప్లే, సౌండ్ అన్నీ బోర్డు మీదే. యాదగిరి దాన్ని అట్టపెట్టెలోంచి తీసి అరచేతిలో పెట్టుకుని పైకీ కిందికీ ఆడించాడు. ట్రాన్స్‌ఫార్మర్లను బరువు చూసి కొన్న అలవాటు.

"బరువే లేదు. గిది బోర్డా, బిస్కెట్ పుడానా?"

"చూడ్డానికి ముద్దుగానే ఉందయ్యా," అన్నాడు కోటయ్య కళ్లజోడు పైకి తోసి. "మరి రేపు సౌండు పోయిందనుకో? కార్డయితే మార్చుకుంటాం. ఇదైతే బోర్డంతా పారెయ్యాలి కదా."

"గదే జెప్తున్న. పైన రెండే స్లాట్లు. ఇగ మనం చేసేదేమున్నది? కొనుడు, పారేసుడు. మెకానిక్‌గాని నోట్ల మన్ను."

"నీ బాధ అదా!" కోటయ్య నవ్వాడు. "నీ నోట్లో మన్ను కొట్టడానికే కంపెనీవాళ్లు బోర్డు కుదించారంటావ్!"

కమల బోర్డును అటూ ఇటూ తిప్పి చూసింది. "అన్నా, బస్సు ఎగిరితే గిండ్ల నుంచి ఊడేటియి ఏమున్నయి?"

యాదగిరి ఆలోచించాడు. "ర్యామ్ ఒక్కటి. దానికి గూడ రెండు దిక్కుల కొక్కేలున్నయి. ఏం ఊడది."

"అయితే నాకు గిదే కావాలె."

"సెల్లె, జర నా మాటిను. గిది ఆటబొమ్మ."

"బొమ్మ రాని కంప్యూటర్ కంటె ఆటబొమ్మ నయం గాదె?"

యాదగిరి కాదనలేదు. ఆమె హార్డ్ డిస్కును కొత్త బోర్డుతో చిన్న కేబినెట్‌లో బిగించాడు. ఇచ్చేటప్పుడు వెనకవైపు చూపించి, "మానిటర్ వైరు గీడ పెట్టు. టేపేసిన దాని జోలికి పోకు," అన్నాడు. ఎందుకని ఆమె అడగలేదు.

సూర్యాపేటలో నడిచింది. కోదాడలోనూ నడిచింది. గురువారం కోదాడలో మిర్యాలగూడ బస్సెక్కి, పెట్టెను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కండక్టర్ వంగి చూశాడు.

"ఏందమ్మా, మిక్సీ కొన్నవా?"

"కంప్యూటర్."

"నాకే జెప్తున్నవా? నీ కంప్యూటర్ నాకెరుక లేదా! గాడ బానెట్ మీద కూసుంటది, పెండ్లికొడుకు లెక్క."

"గది ఖతం. గిది కొత్తది. లగేజీ టికెట్ కొడ్తవా?"

"ఒళ్లె ఉన్నదానికి టికెట్ ఏం కొట్టాలె? కూసో."

మిల్లు ఆఫీసులో గుమస్తాలు కుర్చీలు లాక్కుని సిద్ధంగా ఉన్నారు. కమల వైర్లు పెట్టి స్విచ్ వేసింది. లోపల ఫ్యాను తిరిగింది. తెర నల్లగానే ఉంది.

ఎవరో దగ్గారు. జానయ్య తలుపు దగ్గర నిలబడి, "ఇయ్యాల గూడ నల్లదేనా, టీచరమ్మా?" అన్నాడు.

కరెంటు తీసి మూత విప్పింది. రెండు స్లాట్లలో ఒకటి ఖాళీగా లేదు. అందులో డిస్‌ప్లే కార్డు నిలబడి ఉంది, ఒక కొస పైకి లేచి. యాదగిరి ఆమెకు చెప్పకుండా పెట్టింది, తన దగ్గరున్నవాటిలో మంచి కార్డు. కొత్త కేబినెట్‌కు దాని రేకు కుదరక స్క్రూ కూడా పట్టలేదు. స్లాటు ఖాళీగా పెట్టడం అతనికి చేతకాలేదని అర్థమైంది.

ఆమె బొటనవేళ్లు అలవాటుగా కార్డు మీదికి వెళ్లాయి.

"ఒత్తు, వస్తది," అన్నాడు జానయ్య. ఇన్నాళ్లు చూసి అతనికీ పని వచ్చేసింది.

నొక్కితే వచ్చేదే. కానీ వచ్చే వారం మళ్లీ ఇదే. తీసేస్తే బోర్డు సొంత డిస్‌ప్లే పనిచెయ్యాలి. అది పనిచెయ్యగా ఆమె ఒక్కసారీ చూడలేదు.

"ఒత్తుడు బంద్, జానయ్య సారూ," అంది. కార్డు పీకి బల్ల మీద పెట్టింది. వెనక యాదగిరి వేసిన టేపు ఒలిచి, దాని కిందున్న బోర్డు సాకెట్‌లో మానిటర్ వైరు గుచ్చి స్విచ్ వేసింది.

తెర మీద తెల్లటి అక్షరాలు వరసగా దిగాయి.

జానయ్య ముందుకొచ్చి బల్ల మీది కార్డును వేలితో ముట్టుకున్నాడు. "అయితే గిది ఉత్తదేనా?"

"ఉత్తది గాదు. గీ బోర్డుకు అక్కెర లేదు."

సాయంత్రం దాకా క్లాసు జరిగింది. పోయేటప్పుడు జానయ్య ఆఫీసు తాళంచెవి ఆమె చేతిలో పెట్టాడు. "వచ్చేవారం నేను సూర్యాపేట మార్కెట్‌కు పోత. తాళం నువ్వే తీసుకో. సేటుతోని నేను మాట్లాడ్త."

ఆదివారం ఆమె డిస్‌ప్లే కార్డును యాదగిరి బల్ల మీద పెట్టింది. యాదగిరి కార్డు వైపూ ఆమె వైపూ చూశాడు.

"తీసేసినవా? మరి బొమ్మ ఎట్ల వచ్చింది?"

"బోర్డుదే వచ్చింది."

"దొరికావ్‌లే," అన్నాడు కోటయ్య.

యాదగిరి అతన్ని పట్టించుకోలేదు. "వస్తే వచ్చింది. ఎట్లున్నది జెప్పు, బొమ్మ?"

"నీ కార్డంత సాఫ్ లేదన్నా."

"జెప్పిన గద!" యాదగిరి ముఖం విప్పారింది. కార్డును బనీనుతో తుడిచి, జాగ్రత్తగా కాగితంలో చుట్టి సొరుగులో పెట్టాడు.

"అన్నా, కార్డు తీసినంక ఎనక సందు పడ్డది," అంది కమల. "మిల్లుల తవుడు దుమ్ము అండ్లకెల్లి లోపలికి పోతది. జర మూసియ్యి."

యాదగిరి గొణుక్కుంటూ లేచి, పాత ఆంప్లిఫయర్ రేకు ఒకటి వెతికి కత్తెర తీసుకున్నాడు. సందు కొలిచి కత్తిరించాడు. ఈసారి స్క్రూ పట్టింది.