పదకొండున్నరకు మొండికేసే రోబో

2024 ఎండాకాలం. కర్నూలు పక్కన కల్లూరులో, ఇంట్లోనే కూర్చుని ఒక రోబోల కంపెనీకి నెట్‌వర్క్ ఇంజనీరుగా పనిచేస్తున్నాను. నేను మరమనుషుల్ని తయారుచేస్తానని మా చుట్టాల నమ్మకం. నిజానికి రోబోకు ఇంతవరకు ఒక్క స్క్రూ కూడా బిగించి ఎరగను. రోబోకూ, దానికి దారి చెప్పే సర్వర్‌కూ మధ్య మాట తెగకుండా చూడటమే నా పని. రోబో సెకనుకోసారి ‘ఉన్నావా?’ అంటుంది, సర్వర్ ‘ఉన్నా’ అంటుంది. దీన్ని హార్ట్‌బీట్ అంటాం. మూడుసార్లు జవాబు రాకపోతే, ఎవరి కాళ్ల మీదికో పోకుండా రోబో ఉన్నచోటే ఆగిపోతుంది.

బేతంచెర్లలో ఒక బండల పాలిష్ ఫ్యాక్టరీకి మా రోబో బండిని ఇప్పించింది నేనే. మన సీమలో కూడా రోబోలు తిరగాలని మా మేనేజరు దగ్గర గొప్పలు పోయాను. అది మిషన్ దగ్గర నుంచి లారీ దాకా బండలు మోయాలి. రెండు నెలలు బుద్ధిగా మోసింది. తర్వాత రోజూ పదకొండున్నరకు ఆగడం, ఒంటిగంటకు కదలడం, రెండు దాటాక మళ్లీ ఆగడం. యంత్రం రాసుకునే డైరీని లాగ్ అంటాం. మూడు రోజులు లాగ్‌లు తిరగేశాను. మాట తెగుతోందని తెలిసింది కానీ, ఎందుకో ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు.

యజమాని శివారెడ్డి ఫోన్ చేశాడు.

“ఏమప్పా, మీ రోబో మద్దేనమైతే మొండికేస్తాంది. ఎద్దయితే తోక మెలేస్తా. దీనికి యాడ మెలేయాల?”

“చూస్తాండా అన్నా.”

“చూస్తానే ఉండు. శనివారం లోపల సరిగా నడవకుంటే లారీకెక్కించి పంపిస్తా. మా ఆడోళ్లు ఇన్నాళ్లూ మోయలేదా?”

గురువారం బస్సెక్కాను. నేను పోయేసరికి రోబో వాకిట్లో అడ్డంగా ఆగి ఉంది. ముందు నిమ్మకాయలు, మిరపకాయలు కట్టి ఉన్నాయి. దాన్ని నడిపే ఓబులమ్మ కొంగుతో దాని దుమ్ము తుడుస్తోంది. ఆమె అంతకుముందు ఇరవై ఏళ్లు అదే దారిలో బండలు మోసిన మనిషి.

“ఇది పోతే మళ్లా నా నెత్తికే వస్తాది సారూ. నా నడుం శానా పాడైపోయింది. దీన్ని మాత్రం పోనీయొద్దు,” అంది.

ల్యాప్‌టాప్ తెరిచి, చెమటలు కక్కుతూ కనపడిన సెట్టింగల్లా మార్చాను. ఒంటిగంటకు రోబో కదిలింది. నేనే బాగుచేశానని శివారెడ్డి టీ తెప్పించాడు. నేనూ కాదనలేదు.

రెండు దాటాక ఓబులమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి, స్టూలెక్కి, స్తంభానికి కట్టిన గోనె మూట మీద పోసింది. రోబో ఆగిపోయింది.

“అక్కా, ఆ మూటలో ఏముండాది?”

“మీ డబ్బానే సారూ. రేకుల కింద కాలిపోతాండాది, చెయ్యి పెట్టలేం. నీళ్లకుండకు చుట్టినట్టు తడి గోతాం చుట్టినా. లోపల తడవకుండా కవర్ కట్టినాలే. ఈ నెల నుంచి పొద్దున పదకొండున్నరకు ఒకసారి, బువ్వ తిన్నాక ఒకసారి తడుపుతాండా.”

అది రోబోకు సర్వర్ మాట అందించే మా వైఫై డబ్బా. తడి గోనెను దాటి వైఫై సిగ్నల్ పోలేదు. గోనె ఆరితేనే రోబోకు మాట వినపడుతుంది. నేను మూట విప్పగానే రోబో కదిలింది. ఓబులమ్మ ముఖం పాలిపోయింది.

“అంటే నేనే చేసినానా?”

నాకు అనుమానం వచ్చి మెయిల్ తెరిచాను. ‘వేడి ఎక్కువైంది’ అని ఆ డబ్బా నాకు నెలరోజులుగా రోజూ మొరపెట్టుకుంటోంది. విసుగు పుట్టి ఆ మెయిళ్లన్నీ కంటికి కనపడని ఒక ఫోల్డర్‌లోకి పోయేట్టు పెట్టింది నేనే. సిగ్గుతో చచ్చిపోయాను.

“తప్పు నాది అన్నా. డబ్బా ఎండకు కాగుతాంది. కనిపెట్టింది మాత్రం ఓబులమ్మక్క,” అని శివారెడ్డికి చెప్పాను.

డబ్బాను గాలాడే నీడకు మార్చాం. శనివారం లారీ వచ్చింది. బండలు మాత్రమే ఎక్కాయి.

రిపోర్టులో కారణం ‘తడి గోనెసంచి’ అని రాస్తే, అది ఏ కంపెనీ పరికరమని బెంగళూరు నుంచి మేనేజరు అడిగాడు. ఆయన్ని చూసి నవ్వే అర్హత నాకు లేదు. నేను ఫ్యాను కింద కూర్చుని చదవని హెచ్చరికను ఓబులమ్మ చెయ్యిపెట్టి చదివింది. ఆ ఫోల్డర్ తీసేశాను. ఏ రోబో ఆగినా లాగ్ కంటే ముందు, దాని పక్కన నిలబడే మనిషిని అడుగుతున్నాను.

అయినా ఎండ ముదిరితే మెయిల్ కంటే ముందు ఓబులమ్మ ఫోనే వస్తుంది. “సారూ, డబ్బా కాలుతాండాది. తడపల్లా, వద్దా?”