ఆరని జీపు టాపు

కళ్లజోళ్లాయన ఆదివారం టీ కూడా తాగకుండా జీపు టాపుకి రంగు వేస్తాడు. వేసిన రంగు ఆరిందని మాత్రం ఆ పూట చచ్చినా ఒప్పుకోడు.

ఆ టాపు కాన్వాసుది. ఒకప్పుడు నల్లగా నిగనిగలాడేది. ఎండకీ వానకీ వెలిసి బూడిద రంగుకి దిగింది. దుమ్ము దులిపి, కడిగి, ఆరబెట్టి, ప్లాస్టిక్ కిటికీలకి పాత పేపర్లు అంటించి, కుట్ల దగ్గర మొదలుపెట్టి రెండు పూతలు వేస్తే తీరిపోయే పని. దాన్నాయన రెండేళ్లుగా చేస్తున్నాడు. ఆ గుడ్డ రంగు తాగి తాగి ఎంత బిగుసుకుపోయిందంటే, కింద ఇనప కమ్ములు పీకేసినా టోపీలా దానంతటదే నిలబడుతుంది.

బానెట్ మీద ఒక అట్టముక్క ఉంటుంది: "తడి రంగు. ముట్టుకోవద్దు." దాని అక్షరాలు వెలిసిపోతే వాటికీ రంగేశాడు.

"నిన్న కళ్లజోళ్ల షాపుకి ఇందులోనే వెళ్లారుగా?" అనేది భార్య.

"అది నిన్నటి మాట. పొద్దున మళ్లీ పూత పడింది."

"ఎండ మాడ్చేస్తోంది. ఈపాటికి ఆరుంటుంది."

"పైకి ఆరినట్టుంటుంది. లోపల ఆరదు. కాన్వాసు సంగతి నీకు తెలీదు."

వీధిలో ఆయనకి ‘ఆరలేదు గారు’ అని పేరు పడింది. ఊళ్లో సగంమందికి చూపు సరిచేసిన మనిషికి ఆరిన రంగు కనపడదేమిటా అని ఆవిడ తలపట్టుకునేది. అన్నిటికంటే ఆవిడ మనసు కష్టపడింది అన్నయ్య విషయంలో. ఆ జీపు అన్నయ్యదే. జన్మంతా లారీలు నడిపి, రిటైరయ్యాక బండిని చెల్లెలికి ఇచ్చేశాడు. ఆదివారమొస్తే మాత్రం స్టీరింగు కోసం చేతులు ఊరుకోవు. టంచనుగా దిగేవాడు.

"ఏం బావా, ఒక రౌండు కొట్టొద్దామా?"

"ఇంకా ఆరలేదు బావా. గాలి కొడితే దుమ్మంతా అంటుకుంటుంది."

"సరే, వచ్చే వారం చూద్దాం."

సొంత బండిని ముట్టుకోనివ్వని ఈ పిసినారితనమేమిటని ఆవిడ లోలోపల ఉడికిపోయేది.

ఒక ఆదివారం దొంగ దొరికిపోయాడు. ఊరవతల కొత్తింట్లో దిగిన చిన్న చెల్లెలు ముగ్గురినీ భోజనానికి పిలిచింది. ఆయన మాత్రం యథాప్రకారం టాపు మీద కుంచె ఆడిస్తున్నాడు. ఆవిడ డబ్బాలోకి తొంగిచూసింది. అందులో మంచినీళ్లున్నాయి.

"ఏమిటండీ ఇది?"

"రంగు... పల్చగా కలిపాను."

"ఇంత పల్చగానా?"

అన్నయ్య రాగానే ఆవిడ తాళం తెచ్చి చేతిలో పెట్టింది. "నువ్వు నడుపు అన్నయ్యా. ఎవరాపుతారో నేనూ చూస్తాను!" అంటూ పక్కసీట్లో ఎక్కి కూర్చుంది. కళ్లజోళ్లాయన చేతిలో కుంచె జారిపోయింది.

అన్నయ్య దర్జాగా స్టీరింగు ముందు కూర్చుని, ఎదురింటి వైపు చెయ్యెత్తాడు. "నమస్కారం మాస్టారూ! చిక్కిపోయారే!"

ఎదురింట్లో మాస్టారు లేరు. తీగ మీద ఆయన చొక్కా ఆరుతోంది.

ఆవిడ అన్నయ్య చేతి వైపు చూపు తిప్పింది. తాళం రంధ్రానికి జానెడు పక్కన పొడుచుకుంటోంది. "ఈ బండి నన్ను మర్చిపోయిందే చెల్లాయ్," అని నవ్వుతున్నాడు అన్నయ్య. ఆవిడ మొగుడి వైపు చూసింది. ఆయన నీళ్ల డబ్బా వైపు చూస్తున్నాడు.

ఆవిడ చటుక్కున చెయ్యి బయటికి చాచి టాపుని తడిమి, కెవ్వున అరిచింది. "అయ్యయ్యో, అరచెయ్యంతా నలుపే! ఇంకా ఆరలేదన్నయ్యా!"

అన్నయ్య తనూ చెయ్యి బయటికి పెట్టి కాన్వాసుని రుద్దాడు. అది అప్పడంలా ఆరి ఉంది. జేబురుమాలు తీసి, శుభ్రంగా ఉన్న చేతిని వేలువేలునా తుడుచుకున్నాడు.

"అంటుకుంది," అన్నాడు. "మీ ఆయనకి రంగు వేయడం రాదే చెల్లాయ్. పద, బస్సులో పోదాం."

అన్నయ్య చెయ్యి కడుక్కోవడానికి వెళ్లగానే ఆవిడ మొగుడి దగ్గర గొంతు తగ్గించింది. "మీకెప్పుడు తెలిసింది?"

"రెండేళ్ల కిందట బావ షాపుకొచ్చి కంటిపరీక్ష బోర్డు మీద అక్షరాలన్నీ గడగడా అప్పజెప్పాడు. నేనింకా బోర్డు తగిలించనేలేదు. డాక్టరుకి చూపిస్తే, అద్దాలతో దిద్దే చూపు కాదు, బండి ముట్టనివ్వొద్దన్నాడు. ఆ మాట బావకి ఎవరు చెప్తారు?"

"అందుకని ఈ రంగా?"

"మరేదో ఒకటి ఆరకుండా ఉండాలిగా."

బస్సులో అన్నయ్య దారి పొడుగునా బావకి కాన్వాసు రంగు ఎలా వేయాలో పాఠం చెప్పాడు. బావ బుద్ధిగా తలూపాడు.

శనివారం సాయంత్రం ఆవిడే రంగుల దుకాణానికి వెళ్లింది.

"నలుపు, పెద్ద డబ్బా ఇవ్వండి."

"త్వరగా ఆరేది ఇమ్మంటారా అమ్మా?"

"వద్దు బాబూ," అంది ఆవిడ. "మీ దగ్గర అన్నిటికంటే ఆలస్యంగా ఆరేది ఏది?"