ఫ్లెక్సీ మీద పేర్ల వరుస

ఆళ్లగడ్డలో ఫ్లెక్సీలు ప్రింట్ చేసే కొట్టులో పనిచేసేవాణ్ని. ఆదివారాలు నంద్యాల పోయి కంప్యూటర్ భాష పైథాన్ నేర్చుకునేవాణ్ని. తిరునాళ్ల ఫ్లెక్సీ అంటే అడుగున దాతల పేర్లు బారెడు ఉంటాయి. ఊరివాళ్లు వాట్సాప్‌లో ఒక్కో పేరు ఒక్కో లైన్లో పంపుతారు. కామాలు పెట్టి వాటిని ఒకే పొడుగాటి అక్షరాల వరుసగా, ప్రోగ్రామింగ్ మాటలో ఒకే స్ట్రింగ్‌గా కలిపే పనిని చిన్న స్క్రిప్ట్‌కు అప్పజెప్పాలని నా ఆశ.

మొదట లిస్టును ఉన్నదున్నట్టు స్ట్రింగ్‌గా మారిస్తే చుట్టూ బ్రాకెట్లు, ప్రతి పేరుకూ కొటేషన్ గుర్తులు వచ్చాయి. కొట్టు యజమాని, పెద్దవయసు సాయిబు, తెర చూసి నవ్వాడు.

"ఏందప్పా, అందర్నీ జైల్లో ఏసినావ్?"

మధ్యలో కామాలు పెట్టి కలిపే జాయిన్ కమాండ్ వాడాక పేర్లు శుభ్రంగా కలిశాయి. కొందరి పేర్లు రెండుసార్లు వస్తున్నాయని, కలిపే ముందు లిస్టును సెట్‌గా మార్చాను. సెట్‌లో ఒక పేరు ఒక్కసారే ఉంటుంది. కానీ వరుస నిలవదు. అది నాకప్పటికి తెలియదు.

కోయిలకుంట్ల దారిలోని ఒక ఊరి ఫ్లెక్సీ అట్లాగే ప్రింటై పోయింది. మరునాటి మధ్యాహ్నం ఆ ఊరివాళ్లు జీపులో దిగారు. మొదట ఉండాల్సిన పెద్దాయన పేరు చిట్టచివర పడింది. ఆయనకు పడని దాయాది పేరు మొదటికొచ్చింది. పెద్దాయన కొడుకు ఫ్లెక్సీని నా ముందు పడేశాడు.

"మా నాయన పేరు యాడ పెట్టినావ్?"

"కంప్యూటర్ మార్చిందన్నా. మల్ల ఏసిస్తా."

"కంప్యూటర్‌కు తెల్దు. నీకూ తెల్దా? ఆ దాయాదోళ్లు చెప్తేనే అట్ల పెట్టినావా?"

నేను నోరు తెరిచేలోపే ఫ్రేములకు వాడే ఇనుప పైపు మానిటర్ మీద పడింది. రెండో దెబ్బ నా కుడి మోచేతి మీద. ఎముక విరిగిన చప్పుడు నాకే వినిపించింది. అడ్డమొచ్చిన సాయిబును మెడ పట్టి ప్రింటర్‌కేసి కొట్టారు. ఆయన కనుబొమ చీలి తెల్లటి ఫ్లెక్సీ రోలు మీద నెత్తురు కారింది. అంతలో సంగతి తెలిసి వెనకే బయల్దేరిన దాయాది మనుషులు కూడా వచ్చారు. రోడ్డు మీద రాళ్లు లేచాయి. ఒకడు మా కట్టర్ తీసుకుని ఇంకొకడి చెవి కోశాడు. పోలీసులు వచ్చేసరికి కొట్టులో నిలబడి ఉన్న వస్తువంటూ లేదు.

నంద్యాల ఆసుపత్రిలో నాకు కట్టు కట్టారు, సాయిబుకు కుట్లు వేశారు. కేసు పెడదామన్నాను.

"వద్దప్పా. ఆళ్లే మన గిరాకీ."

"సంపేటోళ్లు గదా నిన్ను."

ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. నా కోపమంతా ఆయన మీదికే మళ్లింది.

ఆసుపత్రి మంచం మీదే ఎడమచేత్తో ఫోన్‌లో స్క్రిప్ట్ మార్చాను. ముందే వచ్చిన పేరైతే వదిలేయాలి, కొత్తదైతే వచ్చిన వరుసలోనే చివర చేర్చాలి. నడిపి చూస్తే వరుస చెదరలేదు. సంతోషం మాత్రం కలగలేదు.

తిరునాళ్లకు ఆ ఊరివాళ్లు రెండు ఫ్లెక్సీలు కట్టారు, వర్గానికొకటి. రెండూ సాయిబే వేరే కొట్టులో ప్రింట్ చేయించి ఇచ్చాడు. కట్టు విప్పక ముందే నేను పని మానేశాను. ఇప్పుడు నంద్యాలలో ఒక మందుల షాపులో బిల్లులు కొడుతున్నాను. కుడిచేయి పూర్తిగా చాపలేను.