స్టిక్కరు మీది ఐదు వందల నలభై

మా వాళ్లందరూ చెప్పేది ఒకటే. జవళగిరిలో అక్కవాళ్లకు సోలార్ అమ్మినవాడు డూప్లికేట్ ప్యానెళ్లు అంటగట్టాడని, నేను వెళ్లి చదువు చూపించి వాడినే వెనకేసుకొచ్చానని. రెండూ అబద్ధాలే. ప్యానెళ్లు మంచివే. ఇక వెనకేసుకురావడమంటారా, ఆ రెండు రోజుల్లో నా నోట తిట్లు తిననిది మా అక్క ఒక్కతే.

అక్కవాళ్ల బోరు రోడ్డు పక్కనే ఉంటుంది. పగలు వచ్చే కరెంటు చాలక, రాత్రి వంతులో కూడా మోటారు వేయాల్సి వచ్చేది. బావకు మోకాళ్లు సహకరించవు కనుక పోయేది అక్క. అడవి అంచు ఊరు. ఏనుగులు రాగి చేలల్లోకి దిగే కాలంలో, ఆమె తిరిగి ఇల్లు చేరినట్టు ఫోన్ చేసేదాకా మత్తిగిరిలో ఉండే నాకు నిద్ర ఉండేది కాదు. అందుకే సోలార్ పంపు పెట్టించుకున్నారు. ఐదు హెచ్‌పీ మోటారు, తొమ్మిది ప్యానెళ్లు, ఒక్కోదాని వెనక ఐదు వందల నలభై వాట్లని స్టిక్కరు.

రాగి కోతలయ్యాక బావ ఫోన్ చేశాడు.

"తొమ్మిదీ కలిపితే ఐదు వేలకు దగ్గర కదమ్మా? మోటారు పక్కన కంట్రోలరు డబ్బాలో మూడు వేలు కూడా చూపించలే. టమోటా చివరి సాళ్లకు నీళ్లే చేరలే. వచ్చి పీకి ఎత్తుకుపొమ్మని అమ్మినోనికి చెప్పినాను. బేస్తవారం వస్తారంట."

"చెప్పే ముందర నన్నొక మాట అడగకూడదా బావా?"

"నిన్నడిగితే క్లాసు తీసుకుంటావు."

ప్యానెళ్లు పోతే అక్క మళ్లీ రాత్రిళ్లు పొలానికి పోవాలి. మరుసటి రోజే బస్సెక్కాను. హోసూరు ఫ్యాక్టరీలో కొనుగోళ్ల విభాగం నాది. సామాను కంటే ముందు దాని కాగితం చదవడం నా ఉద్యోగం. ప్యానెల్ కాగితం అక్క బీరువాలో, చీరల కింద, విప్పని కవరులోనే దొరికింది.

అందులో చిన్న అక్షరాల్లో అంతా ఉంది. ఆ ఐదు వందల నలభై వచ్చేది పరీక్ష గదిలో. అక్కడ చదరపు మీటరుకు వెయ్యి వాట్ల వెలుతురు పడుతుంది, ప్యానెల్ వేడి మాత్రం ఇరవై ఐదు డిగ్రీలు దాటదు. ఆపైన పెరిగే ప్రతి డిగ్రీకి ఒక శాతంలో మూడోవంతు చొప్పున తగ్గుతూ పోతుంది. మన ఎండలో నల్లటి ప్యానెల్ అరవైకి కాగుతుంది.

"ఎండ ఎక్కువైతే కరెంటు ఎక్కువ కదా?" అన్నాడు బావ.

"వెలుతురు పెరిగితే ఎక్కువ. వేడి పెరిగితే తక్కువ."

"వేడి లేని ఎండ యాడ దొరుకుతుందమ్మా?"

"ఆ గదిలో దొరుకుతుంది."

"ఆడ టమోటా పెడతారా?"

నేను ఫోన్ తీసి లెక్క వేశాను. వేడికీ తీగలకూ, మన ఎండ ఆ గది వెలుతురంత లేనందుకూ పోయేది పోగా, నడి మధ్యాహ్నం మూడు వేల ఏడెనిమిది వందలైనా రావాలి. మిగతాది ఎక్కడ పోయింది? ప్యానెల్ మీద వేలు పెట్టి గీస్తే గోధుమరంగు పొర లేచింది. రోడ్డు మీద ఊరివాళ్లు రాగి వెన్నులు పరిచి ఉంచారు. బస్సులూ లారీలూ తొక్కి నూర్చి పెడతాయి, పొట్టూ దుమ్మూ గాల్లోకి లేస్తాయి. నెల రోజులుగా అదంతా వచ్చి కూర్చున్నది మా ప్యానెళ్ల మీద. దాని కింద ఆయుధపూజ నాటి గంధం బొట్లు, ఒక్కోదానికి మూడు.

"ఎవరూ తుడవలేదా?"

"వానకు పోతుందని తుడవకుండా సుమ్మనే ఉన్నాము," అన్నాడు బావ.

"కోతల కాలంలో యాడ వాన బావా?"

"బొట్లు తుడవొద్దే, పూజలో పెట్టినవి," అంది అక్క.

"చట్రానికి పెట్టుకో, ఎవరొద్దన్నారు? అద్దానికి పెడితే సూర్యుడికి పంగనామాలు పెట్టినట్టే."

కాగిన అద్దం మీద చన్నీళ్లు పోస్తే పగలవచ్చు. అందుకని ఆ రాత్రి అక్కడే ఉండి, తెల్లవారగానే నేనూ అక్కా మెత్తటి గుడ్డలతో కడిగాము. మధ్యాహ్నం డబ్బా మూడు వేల ఏడు వందలు దాటింది. చివరి సాళ్లు తడిశాయి.

"ఇంకా వెయ్యి తక్కువే కదా," అన్నాడు బావ.

"ఆ వెయ్యి గదిలోనే ఉంటుంది. మనకు రాదు."

గొణుక్కుంటూనే అమ్మినవాడికి ఫోన్ చేసి రావద్దని చెప్పాడు. ఫోన్ నేను లాక్కున్నాను. "ఐదు వందల నలభై అంటే అంతా వస్తుందని చెప్పినావంట?"

"స్టాండర్డ్ కండిషన్‌లో వస్తుంది మేడం."

"అది ఏ తాలూకాలో ఉందప్పా?"

వాడు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. దుమ్ము కడుక్కోవాలని కూడా చెప్పకుండా అమ్మినవాడు వాడు.

నేను బయల్దేరుతుంటే అక్క అడిగింది, "ఆషాఢంలో మబ్బు మూసుకుంటే?"

మా వైపు ఆ కాలంలో వారాల తరబడి మబ్బు కమ్ముతుంది, వాన మాత్రం పడదు. కాగితం రెండు వైపులా చదివాను. తక్కువ వెలుతురుకు ఒక అంకె ఉంది కానీ, దానికి మోటారు ఎంత నీరు తోడుతుందో లేదు. అమ్మినవాణ్ని అడిగితే ఏడాది సగటు చెప్పాడు. అక్క సగటు చూసుకుని నారు నాటదు. మళ్లీ చీకట్లో పొలానికి పోకుండా ఉండాలంటే ఆమెకు తెలియాల్సింది ఒకటే: వాన లేని మబ్బు పది రోజులు కమ్మితే ఈ తొమ్మిది ప్యానెళ్లు రోజుకు ఎన్ని సాళ్లు తడపగలవు? అది తెలిస్తే ఆమె అన్నే నాటుకుంటుంది. ఆ ఒక్క అంకె చెప్పేవాళ్లు ఎవరు?