పెరుగులో మునిగిన సర్వర్

ఇంట్లో సర్వర్ పెట్టాలనుకున్నప్పుడు కరెంటు, వేడి, దుమ్ము అన్నిటి గురించీ ఆలోచించాను. పెరుగు గురించి మాత్రం ఆలోచించలేదు.

మాది మణుగూరులో గని ఉద్యోగుల కాలనీ. ఫోన్లలో ఫొటోలు నిండిపోతున్నాయని పాత కంప్యూటర్ ఒకటి చవగ్గా తెచ్చి, పెద్ద హార్డ్ డిస్క్ వేసి, ఇంట్లోవాళ్ల వీడియోలన్నీ అందులో దాచాను. కరెంటు పోయినా ఆగకూడదని వంటింట్లో ఇన్వర్టర్ పక్కన పెట్టాను.

అందులో మా అత్తమ్మకు ప్రాణమైన వీడియో ఒకటుంది. కాలం చేసిన మా మామయ్య అన్నం తింటూ, "ఏందే, పెరుగు గిట్ల నీళ్లలెక్కున్నది?" అని కసురుకునే వీడియో. రోజూ టీవీలో పెట్టించుకుని ఆ తిట్లు తిని మురిసిపోయేది. దానికి వేరే కాపీ లేదు.

చలికాలంలో ఒక పొద్దున వంటింట్లోకి వెళితే అత్తమ్మ నెత్తిన చేతులు పెట్టుకుని నిలబడి ఉంది. చలికి పాలు తోడుకోవట్లేదని, వెచ్చగా ఉంటుందని, గిన్నె రోజూ సర్వర్ మీద పెడుతోందట. పిల్లి దూకి దాన్ని దొర్లించింది. పెరుగంతా పెట్టె సందుల్లోంచి లోపలికి పోయింది. సర్వర్ ఆగిపోయింది.

"అయ్యో బిడ్డా, మీ మామను పెరుగుల ముంచిన!" అని ఏడ్చేసింది.

వెంటనే డిస్క్ ఊడదీసి, తుడిచి, ఆరబెట్టి, సాయంత్రం నా లాప్‌టాప్‌కి, దాన్ని టీవీకి తగిలించాను. దేవుడి దయ, మామయ్య కనబడ్డాడు.

"ఏందే, పెరుగు గిట్ల నీళ్లలెక్కున్నది?"

అత్తమ్మ కళ్లు తుడుచుకుని టీవీ మీదికి లేచింది.

"గట్టి పెరుగంతా పొద్దుగాల్నే మీరే తాగిన్రు గద!"